చేతికి తగ్గ బరువు

మన ఇళ్ళలో పిల్లలకు ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం. స్కూలు యూనిఫారం కానివ్వండి, బూట్లు కానివ్వండి, సైకిలు కానివ్వండి, "పెరిగే పిల్ల కదా, రెండేళ్ళు వస్తుంది" అనే మాట వినపడని ఇల్లు ఉండదు. పొదుపు దృష్టితో చూస్తే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇన్నేళ్ళుగా బ్యాంకులో కూర్చుని జనానికి పొదుపు గురించి చెబుతున్న నేను ఎలా తప్పు పడతాను? వదులు చొక్కా చేతులు మడిచి తొడుక్కోవచ్చు. పెద్ద బూట్లలో దూది కుక్కుకోవచ్చు. కాని ఆటలో చేత్తో పట్టుకునే వస్తువు దగ్గర ఈ లెక్క పనికిరాదు. బరువును మడవడానికి వీల్లేదు.

ఈ సంగతి మా ఇంట్లో ఎలా తేలిందో చెబుతాను. పిల్లల్ని ఆటలకు పంపే తల్లిదండ్రులకూ, ఊరికి వస్తూ ఆట సామాన్లు తెచ్చే బంధువులకూ ఉపయోగపడవచ్చు.

మా వాళ్ళది కోవిల్‌పట్టి. నా ఉద్యోగం విరుదునగర్‌లో. రెండింటికీ మధ్య సాత్తూరు. రైలెక్కితే గంట ప్రయాణం. ఈ కరిసల్ సీమ నల్లరేగడి పల్లెల్లో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకుంటూ పెరిగినవాళ్ళం. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారిదీ తెలుగు ఇల్లే. మన వలస కథను తమిళంలో నవలగా రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. కోవిల్‌పట్టి అనగానే అందరికీ గుర్తొచ్చేది కడలై మిఠాయి, అంటే మన వేరుశనగ చిక్కీ. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బయటివాళ్ళకు అంతగా తెలియనిది ఈ ఊరి హాకీ పిచ్చి. "హాకీపట్టి" అని ముద్దుగా పిలిచేవాళ్ళు కూడా ఉన్నారు. లక్ష్మీఅమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీలకు దేశం నలుమూలల నుంచీ జట్లు ఇక్కడికి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ క్రీడా సంస్థ వారి హాకీ హాస్టలు ఇక్కడే ఉంది. 2022లో జకార్తాలో ఆసియా కప్ ఆడి కాంస్యం తెచ్చిన మన జట్టులో మారీశ్వరన్ శక్తివేల్, కార్తి సెల్వం ఇద్దరూ ఇక్కడ శిక్షణ పొందినవాళ్ళే. మారీశ్వరన్ ఈ ఊరి బిడ్డే.

ఇలాంటి ఊళ్ళో పుట్టిన పిల్ల హాకీ ఆడతానంటే ఎవరు వద్దంటారు? మా తమ్ముడి కూతురికి పదమూడేళ్ళు. ఆడతానన్న రోజునే మా నాయన గోడకు వేలాడుతున్న తన పాత కర్ర తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆయన మిల్లులో పనిచేసే రోజుల్లో ఆడిన కర్ర అది. మల్బరీ కొయ్యతో చేసింది. పిడికి చుట్టిన గుడ్డ ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి తన చేతులతో ఇచ్చిన ఆశీర్వాదం. "ఇది వద్దు తాతా" అని ఏ మనవరాలు అంటుంది?

ఏడాది గడిచేసరికి ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది. ముందు ఆట అయ్యాక నొచ్చేది. తర్వాత రాత్రిళ్ళు కూడా. కొబ్బరినూనె రాశారు, వేణ్ణీళ్ళ కాపడం పెట్టారు. డాక్టరు చూసి ఎముకకేమీ కాలేదు, మూడు వారాలు విశ్రాంతి ఇమ్మన్నాడు. ఆ మూడు వారాల్లోనే బడి జట్టు ఎంపిక జరిగింది, జాబితాలో పాప పేరు లేదు. మా మరదలు "ఇక చాలు, చదువుకోనీ" అంది. ఆమెనూ అనడానికి లేదు. ఆడపిల్ల చెయ్యి పాడైతే రేపు ఎవరు చూస్తారు అన్నది ఆమె భయం. పాప ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం బంతి చప్పుడు వినబడకుండా కిటికీ మూసుకుని కూర్చునేది.

కర్ర బరువు ఎక్కువని వాళ్ళ కోచ్‌కు అనుమానమే. కాని పెద్దాయన ఇచ్చిన కర్రను మార్చమని ఇంటికొచ్చి చెప్పడం ఎలా? విషయం నా చెవిన పడింది. ఒక ఆదివారం ఊరికి వెళ్ళి ఆ కర్రను పాప బడి సంచీలతో పాటు విరుదునగర్‌కు తెచ్చాను. పప్పులు, మిరపకాయలు, నూనెల వ్యాపారంతో బతికే ఊళ్ళో త్రాసుకు కరువా? మా ఖాతాదారు ఒకాయన కొట్లో ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెడితే 625 గ్రాములు తూగింది. పొడవు ముప్పై ఏడున్నర అంగుళాలు.

నిబంధనల ప్రకారం ఇది ఎక్కువేమీ కాదు. అంతర్జాతీయ నియమాల్లో హాకీ కర్ర 737 గ్రాములకు మించకూడదు, 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలి.  తక్కువ ఎంతుండాలని ఎక్కడా లేదు. ఈ రోజుల్లో పెద్ద ఆటగాళ్ళు వాడేవి 530 గ్రాముల అటూ ఇటూగా ఉంటున్నాయి. దానికి కారణం ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానం మీద హాకీ ఆడారు. పచ్చిక మీద ఆగి ఆగి వెళ్ళే బంతి దానిమీద జారిపోతుంది. కర్ర కూడా అంత వేగంగా తిరగాలి. 1990ల తర్వాత కొయ్య పోయి ఫైబర్‌గ్లాస్, కార్బన్ కలిపిన కాంపోజిట్ కర్రలు రావడంతో తూకం ఇంకా దిగింది.

హాకీలో ఇంకో మెలిక ఉంది. కర్రకు ఎడమవైపు చదునుగా ఉంటుంది, వెనకవైపు గుండ్రంగా. గుండ్రటి వైపుతో బంతిని తాకకూడదు. బంతి ఎడమకు పోయినప్పుడల్లా కర్రను తిరగేయాలి. తిప్పేది పైన పట్టుకున్న ఎడమ చెయ్యి. కుడి చెయ్యి కింద ఆసరా మాత్రమే. ఒక గంట సాధనలో ఎన్ని వందలసార్లు తిప్పుతారో ఊహించుకోండి. పాప నొప్పి ఎడమ మణికట్టులోనే ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

అర్థమైంది సరే, నాయనకు ఎవరు చెప్పాలి? ఆ ముడి విప్పింది హాకీ కాదు.

జూన్‌లో అమెరికా నుంచి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. వాడక్కడ డిస్క్ గోల్ఫ్ ఆడతాడట. గోల్ఫ్‌లో బంతికి బదులు ఫ్రిస్బీ లాంటి ప్లాస్టిక్ బిళ్ళ. గుంతకు బదులు గొలుసులు వేలాడే బుట్ట. ఎన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానం వచ్చింది. గొలుసుల బుట్టను రూపొందించిన ఎడ్ హెడ్రిక్ మరుసటి ఏడాది ఆ ఆటకు సంఘం కూడా పెట్టాడు. దగ్గరికి వేసే బిళ్ళలు వేరు, దూరం విసిరేవి వేరు. దూరం వాటిని డ్రైవర్లు అంటారు. అంచు పలుచగా, కత్తిలా ఉంటుంది. మావాడు ఒకే అచ్చులో పోసిన రెండు డ్రైవర్లు తెచ్చాడు. ఒకటి 175 గ్రాములు, రెండోది 150.

జూన్‌లో మా నల్లరేగడి చేలు ఖాళీగా ఉంటాయి. విత్తనం వేసేది పురట్టాసి దగ్గరపడ్డాకే. నాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు, మేము చేలోకి దిగాం. 175 గ్రాములది నేను విసిరితే నలభై అడుగులు వేసేంత దూరం పోయి ఎడమకు ఒరిగి పడిపోయింది. 150ది అదే చేత్తో విసిరితే ఇంకో పన్నెండు అడుగులు ముందుకు పోయింది. మేనల్లుడు విసిరినప్పుడు దీనికి తలకిందులు. బరువైనది తిన్నగా కరెంటు స్తంభం దాటింది, తేలికది కుడికి మెలి తిరిగి తుమ్మచెట్ల వైపు పోయింది.

"ఏమిరా ఇది?" అంటే వాడు విడమరిచి చెప్పాడు. డ్రైవరు గాలిలో నిలవాలంటే దానికి తగినంత వేగం, తిరుగుడు ఉండాలి. "వేగంగా విసిరే చెయ్యి బరువైన బిళ్ళనూ తిప్పగలదు మామా. నెమ్మది చేతికి ఆ బిళ్ళ లొంగదు, ముందే ఒరిగిపోతుంది. అదే అచ్చులో తేలికది తీసుకుంటే నెమ్మది చెయ్యి కూడా తిప్పగలదు" అన్నాడు. కొత్తవాళ్ళు ఎక్కువమంది పెద్ద ఆటగాళ్ళను చూసి బరువైన బిళ్ళలే కొంటారట. తేలికవి పిల్లలవని చిన్నతనం. దూరం పోక విసుగెత్తి చివరికి ఆటే మానేస్తారట.

తేలికదానికీ లోపముంది. సాయంత్రం గాలి లేచేసరికి 150 గ్రాముల బిళ్ళను ఇష్టమొచ్చినట్టు ఎగరేసింది. కయత్తారు దగ్గర అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఎదురుగాలిలో బరువే నిలుస్తుందని మావాడు ఒప్పుకున్నాడు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, భౌతికశాస్త్రం నా సబ్జెక్టు కాదు. నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, దెబ్బ బలంలో బరువు సాధారణ వడ్డీ లాంటిది, వేగం చక్రవడ్డీ లాంటిది. బరువు రెట్టింపైతే బలం రెట్టింపే. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. బరువు పెంచుకుని వేగం పోగొట్టుకునేవాడు చక్రవడ్డీ వదిలి సాధారణ వడ్డీకి ఆశపడ్డట్టే.

నాయన అంతా చూస్తూనే ఉన్నాడు. రెండు బిళ్ళలూ తెప్పించుకుని చేతిలో ఒకదాని తర్వాత ఒకటి ఆడించి చూశాడు. తేలికదాన్ని కూర్చున్నచోటి నుంచే విసిరాడు. ఎంతో దూరం పోలేదు గాని తిన్నగా పోయింది. కాసేపు ఊరుకుని, "పాప కట్టె ఎంత తూగుతుంది?" అని అడిగాడు. 625 అన్నాను. ఎందుకు తూచావని అడగలేదు. "కొన్నప్పుడు ఇంకా బరువుండేది. నాకు ఓర్చలేదు. పగిలిన సీసా పెంకుతో పదిహేను రోజులు గీకి పలుచన చేసుకొన్నా. నా చేతికి గీకిన కట్టె అది. ఆ బిడ్డ చెయ్యి వేరే కదా?" అన్నాడు.

ఆ వారమే మదురైకి వెళ్ళాం. నాయన కూడా వచ్చాడు. కోచ్ చెప్పి పంపిన గుర్తులు ఇవి. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. కర్రను కాలి పక్కన నిలబెడితే తుంటి ఎముక దాకా రావాలి, మించి ఉంటే పిల్ల వంగి ఆడలేదు. పైకొస ఎడమ చేత్తో మాత్రమే పట్టుకుని చెయ్యి ముందుకు చాచి అర నిమిషం నిలపమనాలి. వణికితే అది ఆ చేతిది కాదు. ఒంటిచేత్తో అటూ ఇటూ తిరగేయించి చూడాలి. అంకె ఒకటే అయినా, బరువు కిందికొసన ఉన్న కర్ర చేతిలో ఇంకా బరువుగా తోస్తుంది. కార్బన్ ఎక్కువున్న గట్టి కర్ర కొత్తవాళ్ళకు వద్దు, బంతి తాకి ఎగిరిపోతుంది. ఫైబర్‌గ్లాస్ పాలు ఎక్కువున్నది బంతిని ఆపడం నేర్పుతుంది. వెనక నిలిచి అడ్డుకునే ఆటగాళ్ళు కొంచెం బరువు కోరుకుంటారు, కర్రకు కర్ర తగిలినప్పుడు తేలికది పక్కకు పోతుంది కాబట్టి. అది చెయ్యి ముదిరాక చూసుకోవలసిన సంగతి.

ఎనిమిది కర్రలు పట్టి చూసి పాప ఒకటి ఎంచుకుంది. ముప్పై ఆరు అంగుళాలు, 510 గ్రాములు. కొట్టు గుమాస్తా "రెండేళ్ళలో పొట్టిదైపోతుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి" అన్నాడు. నాయన నవ్వి, "రెండేళ్ళకు రెండేళ్ళప్పుడు కొంటాం" అన్నాడు.

అద్భుతాలేమీ జరగలేదు. మొదటి పదిహేను రోజులు బంతి ఎటో పోయింది, చెయ్యి పాత బరువుకు అలవాటు పడింది కాబట్టి. నెల తర్వాత నొప్పి రాత్రిళ్ళు రావడం మానింది. ఇప్పుడు పాప కొట్టిన బంతి సగం మైదానం దాటుతోంది. వచ్చే ఎంపికలో పేరు వస్తుందో లేదో తెలియదు. రాకపోతే అది ఆట తేల్చిన సంగతి అవుతుంది, త్రాసు తేల్చింది కాదు. మా మరదలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే సాయంత్రం ఐదు కాగానే బూట్లు తెచ్చి గుమ్మంలో పెడుతోంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన ఆడపిల్లలు నాలుగో స్థానం దాకా వెళ్ళారని ఆమెకు చెప్పింది నేను కాదు, నాయన.

పాత కర్ర మళ్ళీ గోడెక్కింది. దాని పక్కన ఇంకో మేకు కొట్టాం, ఆట లేనప్పుడు పాప కర్ర అక్కడ ఉంటుంది.

దూరాన ఉన్నవాళ్ళకు ఒక్క మనవి. ఊళ్ళో పిల్లలకు బ్యాటో, రాకెట్టో, కర్రో పంపాలనుకున్నప్పుడు "ఏ కంపెనీది కావాలి" అని మాత్రమే అడగకండి. ఎత్తు ఎంత, చెయ్యి ఎంత ఓరుస్తుంది అని కూడా అడగండి. వీలైతే పిల్ల చేతికిచ్చి చూశాకే కొనండి. ఖరీదు తక్కువైనా ఫరవాలేదు, తూకం సరిపోవాలి.