పూలకి వాయిదా తెలీదు

మన పంచాంగంలో రాహుకాలం ఉంటుంది, వర్జ్యం ఉంటుంది, ఏ రాశివారికి ఆదాయం ఎంతో వ్యయం ఎంతో కూడా ఉంటుంది. మోదుగ ఎప్పుడు పూస్తుందో, రావి ఎప్పుడు చిగురేస్తుందో మాత్రం ఉండదు. ఉంటే మనలాంటి ఇల్లాళ్ళకి ఎంత ఉపకారంగా ఉండేదో! ఎందుకంటే పూలకీ మనకీ ఎప్పుడూ ముహూర్తం కుదరదు. మోదుగ పూసే వేళకి పిల్లల పరీక్షలు. తురాయి పూసే వేళకి ఆవకాయ. పారిజాతాలు రాలే తెల్లవారుజామున పాలప్యాకెట్లు, టిఫిను డబ్బాలు, స్కూలు బస్సు. అరకులో వలిసెపూలు చూద్దామంటే కార్తీకమాసం, ఇంట్లో ఉపవాసాలూ దీపాలూ. చెట్లన్నీ కూడబలుక్కుని, మనకి తీరికలేని రోజులే ఏరుకుని పూస్తాయేమోనని నాకు చాలాకాలంగా అనుమానం.

"చూడకపోతే ఇప్పుడేం కొంప మునిగింది? వచ్చే ఏడు మళ్ళీ పూస్తాయిగా" అంటారు మావారు. ఆ మాటా నిజమే. వచ్చే ఏడూ పూస్తాయి. కాకపోతే అప్పటికి ఆ చెట్టు అక్కడ ఉండాలి. చూడ్డానికి మనకి కళ్ళుండాలి.

ముందు ఆకుల సంగతి చెప్తాను. చిన్నప్పుడు ఇంగ్లీషు పాఠాల్లో చదివిన గుర్తుకొద్దీ ఆకులు రాలే కాలం అంటే మనకి అక్టోబరు అనిపిస్తుంది. మనకది శిశిరం. మాఘ ఫాల్గుణాలు. చలిదేశాల్లో పొద్దు తగ్గి చలి ముదిరితే చెట్టు ఆకు రాలుస్తుంది. మన దగ్గర ముందున్న ఎండాకాలానికి భయపడి, ఉన్న నీళ్ళు ఆకుల్లోంచి ఆవిరైపోకుండా రాలుస్తుంది. నెలాఖరుకి ముందే ఖర్చు తగ్గించుకునే సంసారి లాంటిదన్నమాట! ఆకులోని పచ్చదనం తగ్గేసరికి అడుగున ఎప్పట్నించో దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అలా దాగి ఉన్నది కాదట, చాలా చెట్లలో ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారయ్యేదట. పోయేముందు కొత్త చీర కట్టుకున్నట్టు!

మా వదిన కూతురి పురిటికని అమెరికా వెళ్ళి, బోస్టను దగ్గర ఆర్నెల్లు ఉంది. అక్టోబరు రెండో వారంలో అల్లుడు న్యూహాంప్‌షైర్ కొండల వైపు తీసుకెళ్ళాట్ట. "చెట్లన్నీ పసుపూ కుంకుమా రాసుకుని పేరంటానికి బయల్దేరినట్టున్నాయే" అంది ఫోన్లో. తిరిగొచ్చేటప్పుడు విష్ణుసహస్రనామం పుస్తకంలో పెట్టి ఒక మేపుల్ ఆకు తెచ్చింది. బావుంది. నేను మాత్రం మా సందు చివర బాదంచెట్టు కింద ఏరిన ఆకు దాని పక్కన పెట్టాను. ఎరుపులో ఒకటీ తీసిపోలేదు. బాదంచెట్టు చూడాలంటే వీసా అక్కర్లేదు. చలికాలం చివర్లో, సాయంత్రం ఎండ ఆకుల వెనకనుంచి పడేటప్పుడు, చెట్టుకి పడమటి ఎండ ఎదురుగా వచ్చేలా నిలబడితే చాలు.

ఇక మోదుగ. మోదుగ చూడాలంటే ఫిబ్రవరి చివరినుంచి మార్చి నెలలోగా చూడాలి. ఆకులన్నీ రాలి, చెట్టు చెట్టంతా నారింజ రంగు మంటలా ఉంటుంది. మొగ్గ తొడిమ నల్లగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉంటుంది. పువ్వు చిలకముక్కులా వంగి ఉంటుంది. అందుకే సంస్కృతంలో దాన్ని కింశుకం అన్నారు, "ఇది చిలకా ఏమిటి?" అని.

నా పుట్టిల్లు గోదావరి పక్క. మోదుగని పుస్తకాల్లో చదవడమే తప్ప ఎరగను. అత్తిల్లు పాలమూరు, అచ్చంపేట వైపు. మా అత్తమ్మ చిన్నతనమంతా ఆ చెట్ల కిందే గడిచింది. మోదుగాకులు కోసుకొచ్చి, పుల్లలు గుచ్చి విస్తళ్ళు కుట్టేవారట. కాముని పున్నమికి ఆ పూలు ఉడికించి రంగు చేసి ఒకళ్ళమీద ఒకళ్ళు పోసుకునేవారట. హైదరాబాదు వచ్చి నలభై ఏళ్ళయినా, ఫాల్గుణం వస్తే చాలు, "మా ఊర్ల మోదుగలు పూసి ఉంటయి" అనకుండా ఉండదు.

ఒక సంక్రాంతి వెళ్ళాక ఆవిడ గడపలు తట్టుకోవడం మొదలెట్టింది. డాక్టరు పరీక్షచేసి నీటికాసులన్నారు. పక్కచూపు ముందు పోతుందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మందులతో ఉన్నదాన్ని కాపాడుకోవడమేననీ చెప్పారు. ఆ రాత్రి నేను గిన్నెలు సర్దుతూ లెక్కేసుకున్నాను. మోదుగ పూయడానికి ఇంకా నెలన్నర ఉంది. మధ్యలో మా చిన్నాడి పదోతరగతి పరీక్షలు.

మార్చి మొదటి ఆదివారం వెళ్దామన్నాను. "పరీక్షల ముందా?" అన్నారు మావారు. చిన్నాడే పుస్తకం మూసి, "నానమ్మ పక్కన నేను కూర్చుంటా" అన్నాడు. దాంతో ఇంక ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారుజామున పులిహోర కలుపుకుని బయల్దేరాం. శ్రీశైలం రోడ్డు మీద డిండి దాటి, అచ్చంపేట వైపు పోతుంటే మొదటి చెట్టు కనిపించింది. కారాపించి అత్తమ్మని చెయ్యిపట్టి దింపాను. ఆవిడ తలని అటూ ఇటూ కాస్త కాస్త తిప్పి, మిగిలిన ఆ సన్నటి చూపులోకి చెట్టుని తెచ్చుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మంట లెక్క ఉన్నది బిడ్డా" అంది. కిందపడ్డ పువ్వొకటి మావాడు అరచేతిలో పెడితే, తొడిమని బొటనవేలితో నిమురుతూ, "ఇదే, ఇదే" అంది. అక్కడే కూర్చుని పులిహోర తిన్నాం. ఆవిడ మాత్రం రెండు ముద్దలు తిని, తతిమ్మా సమయమంతా చెట్టువైపే ముఖం పెట్టుకు కూర్చుంది.

రెండేళ్ళు గడిచేసరికి ఆవిడకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. ఇప్పుడు ఫాల్గుణంలో నేనే వెళ్ళి చూసొచ్చి చెప్తాను. "ఈసారి ఎర్రగా పూశాయత్తమ్మా" అంటే, "ఎరుపు కాదు, అడవి కాలే రంగు" అని సరిదిద్దుతుంది. పరీక్షలా? మావాడు బాగానే పాసయ్యాడు.

మీరు నల్లమలలో ఇంకా లోపలికి వెళ్ళదలిస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి. రాత్రి తొమ్మిదినుంచి పొద్దున్న ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బళ్ళని వదలరు. పగలే వెళ్ళి, పగలే తిరిగి రండి.

ఉగాదికి వేప పువ్వు ఎలాగూ మనల్నే వెతుక్కుంటూ పచ్చట్లోకి వస్తుంది. ఆ రోజుల్లోనే తలెత్తి రావిచెట్టు చూడండి. రాగిరంగు లేత చిగురు గాలికి గలగలలాడుతుంటే, పువ్వుకంటే ఏం తక్కువ అనిపిస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో రేల, తురాయి. రేల మనదే, బంగారు గుత్తులు వేలాడేసుకుంటుంది. తురాయి మడగాస్కరు నుంచి కాపరానికొచ్చి, పుట్టింటిని మరిచిపోయిన కోడలు. మా వీధిలో ఐదు తురాయిలుండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మూడు పోయాయి. మొద్దులు లారీకెక్కిస్తుంటే, ముప్ఫై ఏళ్ళుగా దాని నీడలో కూరలమ్మిన ముసలమ్మ బుట్ట నెత్తినపెట్టుకుని ఎటు వెళ్ళాలో తెలీక అలాగే నిలబడిపోయింది. అందుకే చెప్తున్నాను, ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబోశాక ఓ పావుగంట బయటికి రండి. తురాయి కొమ్మ పెళుసు, ఈదురుగాలికి విరుగుతుంది. గాలి లేనప్పుడు కిందకి వెళ్ళండి.

వానలు తగ్గాక తంగేడు, గునుగు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల నుంచి అష్టమి సద్దుల దాకా ఆడవాళ్ళు పూలనే తల్లిగా పేర్చి కొలిచే పండగ ఇంకెక్కడుంది? 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండగైంది. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. బజార్లో కట్టలు కొనొచ్చుగానీ, పల్లెల్లో బీడు గట్లమీద తంగేడుని నిలబడ్డ చోట చూడటం వేరు. పారిజాతం కూడా ఆ రోజుల్లోదే. రాత్రి పూసి తెల్లారేసరికి రాలుతుంది. పాలప్యాకెట్టు కోసం ఎలాగూ లేస్తాం కదా, చెట్టున్న ఇంటిమీదుగా నడవండి.

నవంబరు మధ్యనుంచి డిసెంబరు దాకా అరకు. విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కితే యాభైకి పైగా సొరంగాలు దాటి తీసుకెళ్తుంది. 2017 నుంచి ఆ రైలుకి అద్దాల పెట్టె కూడా తగిలించారు. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు వలిసె చేలు. మేం వెళ్ళినప్పుడు గట్టుమీద కూర్చున్న ఒకావిడ, "ఫొటోకి పది రూపాయలమ్మా" అంది. నా పక్కన నిలబడ్డామె, "పువ్వు చూడ్డానికీ డబ్బులేనా!" అని విసుక్కుంది. "చూడ్డానికి కాదమ్మా, తొక్కినందుకు. ఈ పువ్వు రేపు గింజ. ఆ గింజే మాకు నూనె" అంది ఆవిడ మెల్లిగా. మనకి పూదోట, ఆవిడకి పంట. పదిచ్చి, గట్టుమీదనుంచే చూశాం.

ఇదంతా విని, "కుదరాలి కదండీ" అంటారని నాకు తెలుసు. కుదరదు. అందుకే కుదుర్చుకోవాలి. వంటింటి గోడమీద పాలలెక్క రాసుకునే క్యాలెండరు ఉందిగా, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో కూడా దానిమీదే రాస్తాం. దానిమీదే మార్చి మొదటి ఆదివారం పక్కన "మోదుగ" అని రాయండి. మేలో "తురాయి", నవంబరులో "వలిసె" అని రాయండి. మావారు మొదట్లో నవ్వారు. మొన్న ఆఫీసులో ఎవరో ఆదివారం పనుందంటే, "ఆ రోజు మాకు మోదుగ ఉందండీ" అన్నారట, పెళ్ళో పేరంటమో ఉన్నట్టు!