పిడకల దుమ్ము... పిక్సెళ్ల లెక్క!

ఆస్పరి అనగానే టమాటా బాక్సులు గుర్తొస్తాయి. ఉగాది మర్నాడైతే ఆ మండలంలోని కైరుప్పలలో జరిగే పిడకల సమరం గుర్తొస్తుంది. అదే ఆస్పరిలో, ఓ పదడుగుల గదిలో, పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే కుర్రాడొకడు నెల రోజులుగా ఒకటే ఆలోచిస్తున్నాడు... ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే ఇది చిన్న ప్రశ్నే. ఇక్కడ మాత్రం ఓ పంట డబ్బుల ప్రశ్న!

గుంతకల్లులో రైలెక్కితే నంచర్ల, మొలగవల్లి దాటాక వచ్చేదే ఆస్పరి. ముంబయి-చెన్నై ప్రధాన మార్గమిది. మద్రాసు నుంచి వచ్చిన పట్టాలూ బొంబాయి నుంచి వచ్చిన పట్టాలూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అప్పట్నుంచీ దేశం ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగే బళ్లు ఎన్నో ఈ ఊరి మీదుగానే దూసుకెళ్తున్నాయి. ఆగేవి మాత్రం కొన్నే!

దిగి చూస్తే రెండు పక్కలా నల్లరేగడి. చలికాలం కదా, విచ్చుకున్న పత్తితో చేలు తెల్లగా మెరుస్తున్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకేనేమో టీకొట్టు దగ్గర తెలుగులో మొదలైన మాట కన్నడంలోకి దొర్లిపోయి, మళ్లీ 'ఏమప్పా' అంటూ తెలుగులోకొచ్చి ఆగుతుంది.

రోడ్డు పక్కన మూటలతో, పిల్లలతో కొన్ని కుటుంబాలు వాహనం కోసం ఎదురుచూస్తున్నాయి. ఎక్కడికని అడిగితే 'సుగ్గికి' అన్నారు. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ఆ మాట తెలియనివాళ్లుండరు. ఇక్కడ పని లేని నెలల్లో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడమే సుగ్గి. ఇళ్లకు తాళాలు పడతాయి. బడి పుస్తకాలు మూలన పడతాయి.

నేను వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాడికి ఇరవయ్యారేళ్లు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో సుగ్గికి వెళ్లినవాడే. ఇప్పుడు బజారులో ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. బోర్డు మీద ఫొటోలు, వీడియోలు, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు... అన్నీ ఉన్నాయి. ''మూడేండ్ల నుంచి మావాళ్లను సుగ్గికి పంపలేదు సార్'' అన్నాడు, కుర్చీ తుడిచి వేస్తూ. ఆ ఒక్క మాటలో స్టూడియో ఆదాయ వ్యయాలన్నీ తెలిసిపోయాయి.

మిక్సింగ్ నుంచి సినిమాటిక్ దాకా...

ఒకప్పుడు పల్లెల్లో పెళ్లి వీడియో అంటే క్యాసెట్లు సంచిలో వేసుకుని ఆదోనికో కర్నూలుకో వెళ్లి 'మిక్సింగ్' చేయించుకు రావడమే. పెళ్లికూతురి మొహం గులాబీ పువ్వులోంచి రావాలి, తాళి కట్టగానే తెర మీద హృదయాలు ఎగరాలి. అదీ మిక్సింగంటే! తర్వాత సీడీలొచ్చాయి, డీవీడీలొచ్చాయి. జపాన్‌లోని క్యానోపస్ సంస్థ రూపొందించిన 'ఎడియస్' సాఫ్ట్‌వేర్ మన స్టూడియోల్లో పాతుకుపోయింది. ఇప్పటికీ ఎంతోమంది పెళ్లి వీడియోలవాళ్ల చేయి దాని మీదే తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క మారింది. డ్రోన్ ఉండాలి. పెళ్లికి ముందు ఓ పాట తీయాలి. అప్పగింతలు అయ్యేలోపే రీల్ ఫోన్లో పడాలి. మూడు గంటల వీడియోతో పాటు మూడు నిమిషాల 'సినిమాటిక్' కావాలి. అన్నీ 4కెలో తీయాలి.

''పోయిన మాఘంలో ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్నా సార్. నాలుగే టయానికి ఇచ్చినా. ఇంకో రెండిండ్లోళ్లు ఈసారి ఆదోని వాళ్లను పిలుచుకున్నారు'' అన్నాడు. అతని కంప్యూటర్‌లోది 2018 నాటి ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. టైమ్‌లైన్ మీద వీడియోకి నాలుగు రంగులు దిద్దితే చాలు, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. రాత్రి రెండరింగ్‌కి పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి సగమైనా కాదు. ఈలోగా కరెంటు పోయిందా... మళ్లీ మొదటికే!

దుమ్ములో ఏముంది?

కష్టమేంటో చూపిస్తానని కైరుప్పల ఫైలు తెరిచాడు. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ మధ్య ప్రణయ కలహం వచ్చిందనీ, ఇరువైపుల వారూ పిడకలతో కొట్టుకున్నారనీ, చివరికి ఇద్దరికీ పెళ్లి జరిగిందనీ అక్కడి నమ్మకం. కారుమంచి నుంచి రెడ్డి వంశస్థులు గుర్రమెక్కి వచ్చి పూజ చేశాక సమరం మొదలవుతుంది. ఊరు రెండుగా చీలిపోతుంది. పిడకలు గాల్లోకి లేస్తాయి. ఇక కనిపించేదంతా దుమ్మే!

కంటికి అది పండగ. కంప్యూటర్‌కి నరకం. ఎందుకంటే వీడియో ఫైలులో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు. ముందు బొమ్మకీ తర్వాతి బొమ్మకీ ఏం మారిందో అదే ఎక్కువగా దాస్తారు. పీటల మీద కదలకుండా కూర్చున్న పెళ్లికొడుకు విషయంలో మారేది కొంచెమే. పిడకల సమరంలో ప్రతి దుమ్ము కణమూ కదులుతుంది. ప్రతిదాన్నీ మళ్లీ లెక్కగట్టాలి.

ఆ లెక్క ఎంతో తెలుసా? ఒక్క 4కె బొమ్మలో 3840 నిలువు వరుసలు, 2160 అడ్డ వరుసలు... గుణిస్తే దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకి 25 బొమ్మలంటే 20 కోట్ల పైచిలుకు. రంగు మార్చాలంటే ఒక్కో చుక్క దగ్గరకూ వెళ్లాల్సిందే.

దీన్ని పొలం భాషలో చెప్పుకుంటే తేలిక. ప్రాసెసర్ అంటే నలుగురైదుగురు మంచి పనివాళ్లు. ఎంత చిక్కు పనైనా చేస్తారు. కానీ వంద ఎకరాల్లో కలుపు తీయమంటే ఎప్పటికి తెములుతుంది? గ్రాఫిక్స్ కార్డు అంటే వేలమంది కూలీల బారు. ఒక్కొక్కరూ చేసేది చిన్న పనే. అందరూ ఒక్కసారి సాళ్లల్లోకి దిగితే పొద్దువాలకముందే చేను శుభ్రం! 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో అలాంటి కోర్లు 3584. అవి కాక, వీడియో ఫైలును విప్పడానికీ మళ్లీ మూట కట్టడానికీ విడిగా ఓ విభాగం ఉంటుంది. ఎడిటింగ్‌లో సగం సుఖం దానిదే.

ఒకసారి మోసపోయాక...

''మరి ఇన్నాళ్లూ ఎందుకు కొనలేదు తమ్ముడూ?'' అన్నా. డెస్కు సొరుగు లాగి ఓ కార్డు తీసి చేతిలో పెట్టాడు. పెట్టె మీద జీటీఎక్స్ 1050 టీఐ అని ఉంది. ఓ పెద్ద ఊళ్లో, బిల్లు లేకుండా, చవగ్గా వస్తోందని కొన్నాడట. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి నాన్న ఇచ్చిన ఆరున్నర వేలు. తీరా పెట్టాక స్క్రీన్ నల్లబడటం, కంప్యూటర్ ఆగిపోవడం. ఇలాంటి నకిలీలు బజారులో చాలానే తిరిగాయి. ఏళ్లనాటి పాత కార్డులోని బయోస్‌ని మార్చేసి కొత్త పేరుతో అమ్మేస్తారు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే గుట్టు బయటపడుతుంది. అలాంటి నకిలీలను పట్టి చూపించే ఏర్పాటు అందులో 2018 నుంచే ఉంది. ఆ సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది.

''నాయిన ఏమీ అనలేదు సార్. అదే బాధ'' అన్నాడు. ఆ కార్డు ఇంకా సొరుగులోనే ఉంది.

ఈసారి అంచనా ముప్పై వేలు. ఆస్పరిలో ఆ మొత్తానికి స్థిరమైన విలువ ఉండదు. పాతిక కిలోల టమాటా బాక్సుల్లో చెప్పుకుందాం. కిలో పది రూపాయలుంటే 120 బాక్సులు. 2023 జులై, ఆగస్టుల్లోలా వంద పలికితే పన్నెండే. కిలో రూపాయికి పడిపోతే... 1200 బాక్సులు! అందుకే ఇక్కడ 'ఏ కార్డు మంచిది' అని అడగరు. 'ఇది తప్పయితే ఏం చేయాలి' అని అడుగుతారు.

కాగితం మీద పెడితే...

మా పత్రికలో కంప్యూటర్ వ్యవహారాలు చూసే మిత్రుడికి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశా. అతను కార్డు ఊసే ఎత్తలేదు. 'ఏ కెమెరా? ఏ సాఫ్ట్‌వేర్? చివరికి వీడియో ఎందులో ఇస్తారు? ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు?' అంటూ నాలుగు ప్రశ్నలు వేశాడు. పెళ్లిపత్రిక వెనక రాసుకుంటూ పోయాం.

కెమెరా: సొంతది సోనీ ఏ7 త్రీ. మంచి గిరాకీ ఉన్నప్పుడు ఏ7 ఫోర్ అద్దెకు తెస్తాడు. చిక్కంతా ఆ అద్దె కెమెరాతోనే! అందులో రంగుల వివరం ఎక్కువగా దాచే 4:2:2, 10 బిట్ పద్ధతి ఉంది. ఆ ఫైళ్లను విప్పే ఏర్పాటు అతని ప్రాసెసర్‌లో లేదు. ఎన్విడియా పాత కార్డుల్లోనూ లేదు, 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. ''పెళ్లికి అంత రంగు వివరం అవసరమా? సెట్టింగుల్లో 4:2:0, 8 బిట్‌కి మార్చి తీయి. లేదంటే చిన్న సైజు ప్రాక్సీ ఫైళ్లు తయారుచేసుకుని ఎడిట్ చేసుకో. రెంటికీ పైసా ఖర్చు లేదు'' అన్నాడు మిత్రుడు. కుర్రాడి మొహం చూడాలి... నెల రోజుల బెంగలో సగం అక్కడే పోయింది!

సాఫ్ట్‌వేర్: పెద్ద వీడియోకి ఎడియస్. అది ఎక్కువగా ప్రాసెసర్ మీదా, ఇంటెల్ క్విక్ సింక్ మీదా ఆధారపడుతుంది. కార్డు కొన్నంత మాత్రాన ఎడియస్ పరుగులు పెట్టదు. సినిమాటిక్‌కి వాడేది డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్. ఇది మాత్రం గ్రాఫిక్స్ కార్డునే నమ్ముకుంటుంది.

ఇచ్చేది: ఎక్కువమందికి ఫుల్ హెచ్‌డీలోనే, పెన్‌డ్రైవ్‌లో. కాబట్టి 8 జీబీ మెమరీతో సర్దుకోవచ్చు. 4కెలో బరువైన ఎఫెక్టులు వేసేవాళ్లయితే 12 జీబీ, ఆపైన చూసుకోవాలి. మెమరీ నిండిందంటే రిజాల్వ్ మొహమాటం లేకుండా ఆగిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్: 450 వాట్లు, పేరులేని కంపెనీది. దాన్ని మార్చకుండా కొత్త కార్డు పెట్టడమంటే ఎండిన మోకుతో బావిలోకి దిగడమే!

ఇక మిగిలింది కార్డుల వడపోత. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, ధరా అందుబాటే. కానీ దానికి రీసైజబుల్ బార్ సదుపాయం కావాలి, పదో తరం నుంచి పైన ఉన్న ప్రాసెసర్లకే ఇంటెల్ సిఫార్సు చేస్తుంది. ఎనిమిదో తరం దగ్గర ఆ దారి మూసుకుపోయింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600 ఆటలకు బాగుంటుంది. ఎడిటింగ్ ఎఫెక్టులు, ప్లగిన్లు మాత్రం చాలావరకు ఎన్విడియా 'క్యూడా' పద్ధతికి అలవాటుపడ్డాయి. సెకండ్ హ్యాండ్ 3060లో 12 జీబీ ఉంది, చవక. అయితే 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగాక రేయింబవళ్లు అరిగిన కార్డులు ఎన్నో పాత సరుకులోకి వచ్చిపడ్డాయి. వారంటీ లేని కార్డంటే సొరుగులో ఇంకొకటి చేరినట్టే.

చివరికి పెళ్లిపత్రిక మీద మిగిలింది ఆర్‌టీఎక్స్ 5060. 8 జీబీ, 145 వాట్లు, 4:2:2కీ సిద్ధం. పాత మదర్‌బోర్డు మీద పూర్తి వేగం అందదు, రేపు కంప్యూటర్ మార్చినప్పుడు అందుతుంది. దాంతోపాటు 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్. ''రెండూ బిల్లుతోనే. పెట్టగానే జీపీయూ-జెడ్‌లో చూసుకో. ఎండాకాలం కేబినెట్ మూత తీసి దుమ్ము దులుపు. యూపీఎస్ లేకుండా రెండరింగ్‌కి పెట్టకు'' అని మిత్రుడు ఫోన్ పెట్టేశాడు.

తమ్ముడి వంతు

ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఇంటర్ కుర్రాడు అప్పుడు నోరు విప్పాడు. ''అన్నా, జీటీఏ ఫైవ్ ఆడుతుందా?'' వాళ్ల తమ్ముడు. 2015లో కంప్యూటర్లకొచ్చిన ఆట అది. ఈ కార్డుకి అదొక పని కాదు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆడిందల్లా 'క్రికెట్ 07' ఒక్కటేనట!

పది రోజుల తర్వాత ఫోనొచ్చింది. ఆదోనిలో బిల్లుతో కొన్నాడు. తండ్రిని వెంట తీసుకెళ్లాడు, డబ్బులు ఆయన చేత్తోనే ఇప్పించాడు. కార్డు పెట్టి మొదట చేసింది కైరుప్పల వీడియో. పాత కంప్యూటర్‌లో రాత్రంతా పట్టిన సినిమాటిక్ ముక్క, అమ్మ అన్నం వడ్డించి పిలిచేలోగా అయిపోయిందట. దుమ్ములోంచి గుర్రం బయటికొచ్చే చోట ఆపి ఇంట్లోవాళ్లందరికీ చూపించాడు.

''నాయిన ఏమన్నాడు?'' అని అడిగా.

''గుర్రం బాగా పడింది అన్నాడు సార్. ఈ మాఘానికి ఎన్ని ఒప్పుకున్నావు అని కూడా అడిగినాడు. ఎనిమిది అని చెప్పినా.''

వెనకనుంచి జీటీఏలో కార్ల చప్పుడు వినిపిస్తోంది. ''రేయ్, తొమ్మిదిన్నరకు నాకు రెండరింగ్ ఉంది, లెయ్!'' అన్న గదమాయింపూ వినిపించింది.