గ్రంథనామములకు గుఱుతులు

తాళపత్ర గ్రంథములకు ముఖపత్రము లేదు. కృతినామము తెలియవలెనన్నచో ఆశ్వాసాంతమునందలి గద్యను చదువవలసినదే. అట్టి ప్రాచీన వాఙ్మయమును కంప్యూటరున కెక్కించునపుడు, పంక్తుల నడుమ నణఁగియున్న ప్రతి గ్రంథనామమునకు నిరుప్రక్కల గుఱుతు లుంచి, ఇది యొక కృతి పేరని యంత్రమునకుఁ దెలుపు పని నాకు మిక్కిలి ప్రియమైనది.

ఇట్టి గుఱుతులకై 1987లో నారంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ వారి విధానమున స్వతంత్ర గ్రంథమునకు 'ఎమ్' అనియు, గ్రంథభాగమునకో వ్యాసమునకో 'ఏ' అనియు, పత్రికకు 'జె' అనియు స్థాయీభేదమును చూపవచ్చును. ఆధునిక ముద్రిత గ్రంథములకు ఇది చక్కగా నమరును. మన యాంధ్రమహాభారతమునకు వచ్చునప్పటికి చిక్కు మొదలగును: అరణ్యపర్వమును భాగమని గుర్తించుట సులభమే, కాని నన్నయ విడిచినదానిని ఎఱ్ఱన పూరించిన ఆ పర్వమునకు ఇరువురను కర్తలుగాఁ జూపి, ఎవరి పద్యములు ఎంతవఱకో వేఱుగాఁ దెలుపక తప్పదు.

ఇంతకన్న జటిలము నామాంతరములుగల కృతులది. మనుచరిత్రమును స్వారోచిషమనుసంభవమనియు, ఆముక్తమాల్యదను విష్ణుచిత్తీయమనియు వ్యవహరించిరి. మూలమునందలి యక్షరములను ఉన్నవి ఉన్నట్లు నిలిపి, రెండు పేళ్లకును ఒకే సంకేతమును జోడించినచో, ఏ పేర వెదకినను పాఠకుఁడు ఆ కృతినే చేరును. పేళ్లను ఏకరూపముగా దిద్దుటకు మాత్రము నే నొప్పుకొనను; ఆనాఁటివారు కృతిని ఏ పేరఁ బిలిచిరో అదియుఁ జరిత్రయే గదా.

ఇఁక, ఒకఁడు రామాయణము వినెనని వ్రాసియున్నచో అది వాల్మీకి గ్రంథమో, పురాణకాలక్షేపమున విన్న కథయో సందర్భమే చెప్పవలెను. సందర్భము చెప్పనిచోట గుఱుతు పెట్టక, సందేహమును వ్యాఖ్యగాఁ బ్రక్కనే వ్రాసి విడుచుట నా పద్ధతి.