చెప్పులకు కాపలా ఎవరు?



"సముందర్ చూడ్డానికి మలేషియా దాకా పోవాలా? మన సూర్యలంక లేదా?" అని అడిగారు మా మామూ. మా ఇంట్లో మలేషియా మాట లేచినప్పట్నుంచి ఇదే సవాల్ రకరకాల గొంతుల్లో వినబడుతోంది. ఫుప్పూ ఇంకో అడుగు ముందుకేసి, "అన్ని పైసలు పెట్టేదుంటే ఇంకోసారి ఉమ్రా చేసి రావచ్చుగా, ఇది ఫుజూల్ ఖర్చు కాదా?" అంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే అలవాటు లేదు నాకు. కానీ జవాబైతే ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను. ఒకే సఫర్‌లో షహర్‌నీ, జజీరానీ కలిపి చూసి రావాలనుకునే ఖాందాన్‌లకు నేను మూడు నెలలుగా పోగుచేసిన మాలూమాత్ కూడా పనిలో పనిగా అందుతుంది.

ముందు సూర్యలంక సంగతి. మా గుంటూరు నుంచి బాపట్ల మీదుగా గంటన్నర దారి. నా చిన్నప్పుడు ఏడాదికోసారి ఖాందాన్ మొత్తం కదిలేది. టిఫిన్ క్యారియర్లలో బగారా అన్నం, దాల్చా, ఖీమా. ఒక పెద్ద జంఖానా. బస్సు దిగడం ఆలస్యం, మగవాళ్ళు లుంగీలు ఎగగట్టి నీళ్ళలోకి దిగేవాళ్ళు. వాళ్ళ వెనకాల మేం పిల్లలం. అమ్మీ, ఖాలాలు, చాచీలు మాత్రం జంఖానా మీద కూర్చొని అందరి చెప్పులకూ, వాచీలకూ, పర్సులకూ కాపలా కాసేవాళ్ళు. సముందర్ వాళ్ళకు ముప్పై అడుగుల దూరంలో ఉండేది. ఎప్పుడూ అంతే దూరంలో ఉండేది. బురఖా తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది, అంతమందిలోంచి బయటికి ఎలా రావాలి, మార్చుకోడానికి చోటెక్కడ? దిగొద్దని వాళ్ళను ఎవరూ మనా చేయలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

అమ్మీకి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. సముందర్‌కు గంటన్నర దూరంలో పుట్టి, పెరిగి, నిఖా అయ్యి, నలుగుర్ని కని, వంటింట్లో నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆ మోకాళ్ళ లోతు నీళ్ళలో మాత్రం ఒక్కసారీ నిలబడలేదు.

ఇక నా బేటీకి పన్నెండు. పోయిన ఏడు అదే సూర్యలంకలో అది అలల్లో గెంతుతుంటే, మాతో వచ్చిన ఒక పెద్దావిడ పిలిచింది: "బస్ బేటీ, బడీ హోగయీ తూ, ఆకే బైఠ్." అది మారు మాట్లాడకుండా వచ్చి జంఖానా మీద కూర్చుంది. వాళ్ళ భాయ్ చెప్పులు దాని ముందరే ఉన్నాయి. ఆ రోజే నేను మనసులో ఇరాదా చేసుకున్నాను. రెండున్నర లక్షల చిట్టీ చేతికి రాగానే ఇంకో ఆలోచన పెట్టుకోలేదు.

మామూ అడిగినదానికి నా జవాబు ఇదే. సముందర్ మన దగ్గరా ఉంది. కానీ తలకు స్కార్ఫు కట్టుకున్న ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగడం అందరికీ మామూలు విషయంగా ఉండే తీరం కావాలి నాకు. మలేషియాలో మలయ్ ఆడవాళ్ళు నిండు చేతుల చొక్కా, వదులు పాంటు, పైన తుడుంగ్ వేసుకుని పిల్లల్తో పాటు అలల్లో ఆడతారు. తుడుంగ్ అంటే మన స్కార్ఫే. వాళ్ళను వింతగా చూసేవాళ్ళుండరు.

ఫుప్పూకి జవాబు కొంచెం నాజూకు. అమ్మీ పాస్‌పోర్టులో ఒకే ముద్ర ఉంది, జిద్దాది. 2018లో అబ్బాతో కలిసి ఉమ్రా చేసి వచ్చింది. తర్వాతి ఏడే అబ్బా అల్లాకు ప్యారే అయ్యారు. ఇబాదత్ కోసం చేసే సఫర్ వేరు, సైర్ వేరు. ఒకటి ఇంకోదాని బదులు రాదు. మళ్ళీ ఉమ్రాకు పంపే తౌఫీఖ్ అల్లా ఇస్తే అదీ చేస్తాను. అయినా మన ఇళ్ళలో ఆడవాళ్ళ ఆరామ్ మాట వచ్చినప్పుడే ఈ ఫుజూల్ ఖర్చు మాట ఎందుకు గుర్తొస్తుందో నాకు అంతు చిక్కదు. షాదీల్లో డెకరేషన్ దగ్గర అది ఎవరికీ గుర్తురాదు.

సరే, ఇక ప్లాన్‌లోకి వద్దాం. మేం అయిదుగురం. వెళ్ళేది సంక్రాంతి సెలవుల్లో. కౌలాలంపూర్ షహర్, లంకావి జజీరా.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మౌసమ్. మలేషియా ఒకటే ముల్క్ అయినా దానికి రెండు తీరాలు, రెండింటికీ వేర్వేరు వానాకాలాలు. పెర్హెంతియాన్, రెదాంగ్, తియోమాన్ లాంటి జజీరాలు తూర్పు వైపున్నాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల జోరు. సముద్రం పొంగుతుంది, చాలా హోటళ్ళు మూసేస్తారు. లంకావి పడమటి తీరంలో ఉంది. అక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా పొడి వాతావరణం, సెప్టెంబర్, అక్టోబర్‌లలో వానలెక్కువ. ఫోటో చూసి మనసు పడి సంక్రాంతికి పెర్హెంతియాన్ బుక్ చేసుకున్నారనుకోండి, తలుపులేసిన హోటలే కనబడుతుంది. మలయ్‌లో కాలాన్ని 'ముసిమ్' అంటారు. మన 'మౌసమ్', ఇంగ్లీషు వాళ్ళ 'మాన్సూన్' అన్నీ అరబీ 'మౌసిమ్' నుంచి వచ్చినవే. అరబ్బు ఓడలు గాలివాటం చూసుకుని బయల్దేరినట్టే మనం మౌసమ్ చూసుకుని టికెట్ కొనాలి. జనవరి ఇంకో విధంగానూ కలిసొచ్చింది. రాబోయే రంజాన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, దానికి ముందే ఇల్లు చేరతాం.

రెండోది కాగితాలు. 2023 డిసెంబర్ 1 నుంచి మన ముల్క్ వాళ్ళకు 30 రోజుల లోపు సైర్‌కు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటును 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. కాకపోతే దిగే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. అమ్మీది 2028 దాకా ఉంది, అల్‌హమ్దులిల్లా.

మూడోది వరస. ముందు షహరా, ముందు జజీరానా? మా బేటా షహర్‌లో నాలుగు రోజులన్నాడు, బేటీ అన్ని రోజులూ సముందర్ అంది. నేను అమ్మీ మోకాళ్ళను చూసి తేల్చాను. కౌలాలంపూర్‌లో రెండు రాత్రులు, లంకావిలో నాలుగు, తిరిగి కౌలాలంపూర్‌లో ఒకటి. ఆ చివరి రాత్రి ఎందుకంటారా? జజీరా నుంచి వచ్చే విమానం ఆలస్యమైనా, రద్దయినా మన ఇండియా విమానం చేజారకూడదు. సఫర్ చివరి రోజును జజీరాలో ఎప్పుడూ పెట్టుకోకండి. ఇంకో మాట. కౌలాలంపూర్ విమానాశ్రయానికి రెండు టెర్మినళ్ళున్నాయి. దానికి తోడు సుబాంగ్‌లో ఇంకో విమానాశ్రయం ఉంది. లంకావి విమానం ఎక్కడ్నుంచి లేస్తుందో టికెట్ మీద చూసుకున్నాకే పైసలు కట్టండి. షహర్ నుంచి లంకావికి గాల్లో గంట. కౌలా పెర్లిస్, కౌలా కెదా రేవుల నుంచి పడవలు కూడా ఉన్నాయిగానీ, అక్కడి దాకా రోడ్డు సఫర్ చాలా లంబా. అమ్మీతో కుదరదు.

షహర్‌లో రెండు రోజులే కాబట్టి ఎంచుకున్నవి కొన్నే. పెట్రోనాస్ జంట గోపురాలు 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు. రెంటినీ కలిపే వంతెన 41, 42 అంతస్తుల దగ్గర ఉంది. పైకెక్కడానికి టికెట్ ముందే తీసుకోవాలి, సోమవారం సెలవు. బేటా, వాళ్ళ అబ్బా ఎక్కుతారు. మేం ముగ్గురం కింద పార్కులో ఫౌంటెన్ దగ్గర కూర్చుంటాం. గోపురాల అందం కింద నుంచే బాగా తెలుస్తుందట. మగ్రిబ్‌కు పార్కును ఆనుకునే మస్జిద్ ఉంది.

రెండో రోజు మస్జిద్ జామెక్. గోంబాక్, క్లాంగ్ అనే రెండు నదులు కలిసే చోట 1909లో కట్టారు. ఆ సంగమమే షహర్‌కు పేరు పెట్టింది. కౌలాలంపూర్ అంటే బురద నదులు కలిసే చోటు. అక్కడి నుంచి ఇస్లామిక్ ఆర్ట్స్ మ్యూజియం. ప్రపంచంలోని మస్జిద్‌ల నమూనాలు, ఖురాన్ రాతప్రతులు, హిందుస్తాన్ కోసం విడిగా ఒక గ్యాలరీ ఉన్నాయి. లోపల చల్లగా ఉంటుంది, అమ్మీ ఎక్కడంటే అక్కడ కూర్చోవచ్చు. పక్కనే మస్జిద్ నెగారా, 1965 నాటిది. తెరిచిన గొడుగులాంటి కప్పు దానిది.

సాయంత్రం మస్జిద్ ఇండియా బజార్. ఈ షహర్ ప్లాన్ మొత్తంలో నాకు ముఖ్యమైన పని అక్కడే. ఆడవాళ్ళకు ఒళ్ళంతా కప్పే ఈత బట్టలు కొనాలి, మూడు జతలు. మన బురఖాతో నీళ్ళలోకి దిగడం సిగ్గు సంగతి అటుంచి, ఖతర్నాక్ కూడా. తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, అల లాగినప్పుడు నిలదొక్కుకోలేం. ఈత బట్టలు నీళ్ళు పీల్చవు, త్వరగా ఆరతాయి. చాలా హోటళ్ళ కొలనుల్లోకి నూలు బట్టల్తో రానివ్వరు కూడా.

భోజనానికి ఫికర్ లేదు. 'మామక్' అని తమిళ ముస్లింల హోటళ్ళు వీధివీధినా ఉంటాయి. రోటీ చనాయ్, పప్పు పులుసు, పైనుంచి కిందికి లాగి పోసే తేహ్ తారిక్ చాయ్. నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన నెత్తళ్ళు, కారం పచ్చడి. నెత్తళ్ళ మాట చెప్పగానే అమ్మీ మొహం వెలిగింది. చీనీ హోటళ్ళ దగ్గర మాత్రం హలాల్ గుర్తు చూసుకోవాలి. పెద్ద షాపింగ్ మాల్స్‌లో, విమానాశ్రయాల్లో 'సురావ్' అని నమాజ్ గదులుంటాయి.

ఇక లంకావి. 99 జజీరాల గుంపు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఇంకో అయిదు బయటపడతాయట. 1987 నుంచి అక్కడ సుంకం లేదు, అందుకే చాక్లెట్లు చవక. 2007లో యునెస్కో జియోపార్కు హోదా వచ్చింది. మా మకాం చెనాంగ్ తీరంలో. ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది, నేల మెల్లగా వాలుతుంది. కెదా రాష్ట్రంలో వారం సెలవు శుక్ర, శనివారాలు. ఆ రోజుల్లో స్థానికుల రద్దీ ఎక్కువ కాబట్టి మేం ఆదివారం చేరేలా పెట్టుకున్నాం. ఒక రోజు మచించాంగ్ కొండ మీదికి కేబుల్ కార్, 708 మీటర్ల ఎత్తు. పైనున్న వంపు వంతెన 125 మీటర్లు. అక్కడికి దారి నిటారు మెట్లు, కాబట్టి అమ్మీ స్టేషన్లోనే కూర్చుంటుంది. గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు, అందుకే చివరి రోజుకు వదలకుండా రెండో రోజే పెట్టాను. ఒక రోజు కిలిమ్ మడ అడవుల్లో పడవ సైర్. మిగతా రెండు రోజుల ఖానాలో ఏమీ రాయలేదు. సముందర్, అంతే.

అక్కడ మహ్‌సూరీ అనే అమ్మాయి సమాధి కూడా ఉంది. ఆమె అందం చూసి ఓర్వలేనివాళ్ళు తప్పుడు నింద వేసి చంపించారని, తెల్లని రక్తం కారిందని, చనిపోతూ ఆమె ఏడు తరాల పాటు ఆ జజీరాకు బద్‌దువా ఇచ్చిందని కథ. అమ్మీకి చెబితే చాలాసేపు ఊరుకుంది. "ఆమె దగ్గరికి తీసుకుపో, ఫాతిహా చదువుతా" అంది. ఆ ఊరుకు వస్తానని అమ్మీ ఒప్పుకున్నట్టు నాకు తెలిసింది అప్పుడే.

అంతకు ముందు దాకా ఒకటే మాట: "తుమ్ జాకే ఆవో బేటా, మై ఘర్ దేఖ్‌లేతూం." మీరు పోయి రండి, నేను ఇల్లు చూసుకుంటా. ఇంటికి తాళం వేస్తే సరిపోతుందని చెప్పాను. పక్కింటి వాళ్ళు మొక్కలకు నీళ్ళు పోస్తారని చెప్పాను. తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"అక్కడ మగవాళ్ళుండరా?"

"ఉంటారు అమ్మీ. ఆడవాళ్ళు కూడా ఉంటారు, నీళ్ళల్లో."

మా ఆయనకు ఈత రాదు, ఇసుకంటే చిరాకు. "చెప్పుల దగ్గర నేను కూర్చుంటాలే, మీరు పోండి" అన్నారు. నవ్వులాటకే అన్నారుగానీ, ప్లాన్ కాగితంలో ఆయన పేరు ఎదుట అదే రాసి పెట్టాను.

మీరు కూడా ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే, హోటళ్ళూ టికెట్లూ చూసే ముందు, మీ ఇంట్లో "నేను ఇల్లు చూసుకుంటా" అనే మనిషి దగ్గర కూర్చోండి. ఏం చూస్తావని అడక్కండి, "మీ ఇష్టం" అంటారు. మోకాలు ఎంతసేపు ఓర్చుకుంటుంది, ఏం తినబుద్ధవుతుంది, ఎక్కడ ఝిజక్ అనిపిస్తుంది, ఇవి అడగండి. వాటిని బట్టి రోజులు పంచండి. మిగతావాళ్ళ ఖుషీ ఎలాగూ దాంట్లో ఇమిడిపోతుంది.

నిన్న రాత్రి ఇషా తర్వాత అమ్మీ నన్ను పిలిచి, ఆ ఊళ్ళో పోటు ఏ వేళకు వస్తుందో ఫోన్లో చూడమంది. రోజూ మారుతుందని చెప్పాను. "అయితే రోజూ చూడు" అంది. మా కోసం దువా చేయండి.