పాముక్కలే: పత్తికోట వేడినీటి చెంత

పాముక్కలే అనగానే మా ఇంట్లో పిల్లలు అదేదో పాముల కోట అనుకున్నారు. టర్కీ భాషలో ‘పముక్’ అంటే పత్తి, ‘కలే’ అంటే కోట. మన ఉర్దూలోని ‘ఖిలా’, అక్కడి ‘కలే’ రెండూ ఒకే అరబ్బీ మాట నుంచి పుట్టినవే. ఆ పత్తికోటకు మేము వెళ్ళింది కేవలం విహారం కోసం కాదు. మా అమ్మీ మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళుగా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నారు. అక్కడి నీటితో నొప్పులు పోతాయని ఎవరో బంధువు చెప్పిన నాటి నుంచి ఆమె మనసంతా ఆ నీటిపైనే నిలిచిపోయింది.

ఇస్తాంబుల్ నుంచి టర్కీ నైరుతి భాగంలోని దెనిజ్లీ నగరానికి చేరుకున్నాము. అక్కడి నుంచి పాముక్కలే సుమారు ఇరవై కిలోమీటర్లు. మైదానానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఒక కొండ చరియ నిలువెల్లా తెల్లగా కనిపించింది. మేము మంచు అనుకున్నాము. ఆదోని మార్కెట్ యార్డు పక్కనే పుట్టి పెరిగిన అమ్మీ మాత్రం, “కాదు బేటా, ఇది పత్తి కుప్పే” అన్నారు. పేరు పెట్టిన వారికీ అలాగే తోచింది కాబోలు.

నిజానికి అది మంచూ కాదు, పత్తీ కాదు, సున్నపురాయి. వాన నీరు నేల పగుళ్ళ గుండా లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, సున్నపు రాళ్ళను కరిగించుకుని పైకి వస్తుంది. బయటి గాలి తగలగానే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. దానితో కరిగి ఉన్న సున్నం నీటిలో నిలవలేక పేరుకుపోతుంది. మన ఇళ్ళలో నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని పొర వంటిదే ఇదీ. మొదట మీగడలా మెత్తగా ఉండి క్రమంగా రాయిగా గట్టిపడుతుంది. వేల సంవత్సరాలుగా అలా పొర మీద పొర చేరి, అంచులు గల పళ్ళేలను మెట్లు మెట్లుగా పేర్చినట్లు ఈ కొండ తయారయింది. ఏ మేస్త్రీ చెయ్యీ పడని ఆ అమరికను చూసినప్పుడు ‘సుబ్‌హానల్లాహ్’ అనే మాట అప్రయత్నంగానే నోటికి వచ్చింది.

తెల్లని రాతిపై అడుగు పెట్టే ముందు పాదరక్షలు విప్పి చేత పట్టుకోవాలి. రాయి జారుతుందని భయపడ్డాము గానీ, చాలా చోట్ల గరుకుగా ఉండి అరికాళ్ళకు గుచ్చుకుంటుంది. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గిన వారు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చిత్రాలలో చూసినట్లు ప్రతి మెట్టులోనూ నీలాల నీరు ఉండదు. చాలా మెట్లు ఎండి ఉన్నాయి. ఒకప్పుడు ఈ కొండ నెత్తిన హోటళ్ళు కట్టి, ఊట నీటిని తమ ఈత కొలనులకు మళ్ళించుకున్నారు. తెల్లని చరియను కోసి రోడ్డు కూడా వేశారు. రాయి మాసిపోసాగింది. 1988లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. తరువాతి కాలంలో ఆ హోటళ్ళను కూల్చివేశారు. రోడ్డు ఉన్న చోట కృత్రిమ మడుగులు కట్టారు. మనం దిగి నడిచేది ఎక్కువగా వాటిలోనే. ఇప్పుడు నీటిని వంతులవారీగా ఒక్కో భాగానికి వదులుతున్నారు. మా తుంగభద్ర దిగువ కాలువ కింద పొలాలకు వంతు నీళ్ళు వదిలినట్లే అనిపించింది. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయవద్దన్న మహాప్రవక్త (సఅసం) హితవు ఆ ఎండిన మెట్ల మధ్య గుర్తుకు వచ్చింది.

దారి పక్కన సన్నని కాలువలో గోరువెచ్చని నీరు పారుతోంది. తలకు రుమాళ్ళు కట్టుకున్న కొందరు టర్కీ పల్లె స్త్రీలు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. అమ్మీ నడకను చూసి, వారిలో ఒకామె జరిగి చోటిచ్చింది. భాష తెలియదు. ఆమె తన మోకాలు తట్టుకుని “షిఫా, షిఫా” అన్నది. అమ్మీ ముఖం వికసించింది. “ఇన్షా అల్లాహ్” అన్నారు. ఆ తరువాత ఇద్దరికీ మాటల అవసరం కలగలేదు.

పైన పురాతన కొలను ఒకటి ఉంది. భూకంపానికి పడిపోయిన పాలరాతి స్తంభాలు నీటి అడుగున అలాగే ఉన్నాయి. దానికి వేరే రుసుము. స్త్రీ పురుషులు ఈత దుస్తులతో కలిసి దిగే చోటు గనుక, మేము దూరం నుంచే చూసి వచ్చాము. కుటుంబంతో వెళ్ళేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

కొండపైనే హైరాపొలిస్ అనే నగరపు శిథిలాలున్నాయి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పెర్గమోన్ రాజులు దీనిని స్థాపించారు. రోమనుల కాలంలో రోగులు స్వస్థత కోసం దూర దేశాల నుంచి ఇక్కడికి వచ్చేవారు. విచిత్రమేమంటే, భూమి నుంచి విషవాయువు వెలువడే గుహ కూడా ఇక్కడే ఉంది. బొగ్గుపులుసు వాయువు గాలికన్న బరువైనది గనుక నేలబారుగా నిలుస్తుంది. తల కిందికి ఉన్న పశువు ఊపిరాడక కూలితే, నిటారుగా నిలిచిన పూజారి బ్రతికేవాడు. జనం దానిని పాతాళ దేవుని మహిమగా నమ్మారు! నగరానికి ఉత్తరాన శ్మశానం. వెయ్యికి పైగా రాతి సమాధులు దారికి ఇరువైపులా పరచుకుని ఉన్నాయి. ఊటల కోసం వచ్చి తిరిగి వెళ్ళని వారూ వాటిలో ఉన్నారు. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్ఆన్ అన్నదెందుకో అక్కడ నడుస్తూ ఆలోచించాము. అమ్మీ మాత్రం చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

ఆ రాత్రి అయిదు కిలోమీటర్ల దూరాన ఉన్న కరహయిత్ అనే గ్రామంలో బస చేశాము. అక్కడి ఊట నీటిలో ఇనుము ఉండటం వల్ల రాయి ఎర్రగా ఉంటుంది. నీరు మరింత వేడి. కొన్ని బసలలో గదిలోని స్నానపు తొట్టికే ఆ నీరు వస్తుంది గనుక పరదా చింత లేదు. అమ్మీ తలుపు వేసుకుని చాలాసేపు ఆ నీటిలోనే కూర్చున్నారు. బయటకు వస్తూనే కళ్ళు తిరిగి మంచంపై ఒరిగిపోయారు. రక్తపోటు చూస్తే ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంది. మాత్రల పెట్టె తెరిచాము. మూడు రోజుల మాత్రలు అలాగే ఉన్నాయి!

“అల్లాహ్ ఇచ్చిన నీళ్ళ దగ్గరికే పోతున్నాం కదా, మధ్యలో ఈ మాత్రలెందుకని మానేశాను” అన్నారు.

“మాత్రలో ఆ గుణం పెట్టిందీ ఆయనే కదా అమ్మీ!”

ఆమె జవాబివ్వలేదు. గ్లాసు అందుకున్నారు. ఆదోనిలోని మా డాక్టరు గారికి ఫోను చేస్తే, వేడినీరు కీళ్ళ బిగువును కొంతసేపు సడలిస్తుందే తప్ప అరిగిన కీలును తిరిగి పెంచదన్నారు. పది పదిహేను నిమిషాలకు మించి ఉండవద్దని, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు అడగకుండా దిగనే వద్దని హెచ్చరించారు. మర్నాడు పది నిమిషాలు మేమే గడియారం చూసి లేపాము. ఆ రోజు జొహర్, అసర్ రెండు నమాజులూ అమ్మీ కుర్చీ పక్కకు జరిపి, నేలపై సజ్దా చేసి చదివారు. మేము వెనుక నిలబడి చూస్తూ ఉండిపోయాము.

తిరుగు ప్రయాణంలో దెనిజ్లీ బజారులో కాసేపు ఆగాము. 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ నగరానికి వచ్చినప్పుడు కొందరు అంగళ్ళలోంచి దిగి వచ్చి ఆయన గుర్రపు కళ్ళెం పట్టుకున్నారట. మరికొందరు వచ్చి వారితో కలహించి కత్తులు దూశారట. దొంగలని ఆయన వణికిపోతే, అరబ్బీ తెలిసిన ఒకాయన అసలు సంగతి చెప్పాడు. అతిథి ‘మాకంటే మాకు’ అని రెండు అఖీ సోదర సంఘాలు పోట్లాడుకుంటున్నాయి! చివరికి చీట్లు వేసి తేల్చుకున్నారు. ఇక్కడి నూలు వస్త్రాల మన్నికను కూడా ఆయన మెచ్చుకున్నాడు. నేటికీ దెనిజ్లీ నేతకు, తువ్వాళ్ళకు పేరున్న ఊరే. అమ్మీ నాలుగు తువ్వాళ్ళు కొన్నారు. దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, పత్తి మంచిదేనని తీర్పు చెప్పారు.

ఇంటికి వచ్చిన పది రోజులకు నొప్పి మళ్ళీ మొదలయింది. కుర్చీ యథాస్థానానికి చేరింది. దెనిజ్లీ తువ్వాలు ఇప్పుడు దాని మీదే పరచి ఉంటుంది. ఫజర్ తరువాత అమ్మీ తనంతట తానే మాత్ర వేసుకుని, పెట్టె మూత తెరిచి మాకు చూపిస్తారు.