చెక్కలో నిలబెట్టిన వాన

వంతెన మీద జనం ఉన్నపళంగా వంగిపోయారు. కొందరు గొడుగుల చాటున దూరారు, ఒకరు చాప కప్పుకున్నారు. కింద సుమిదా నదిలో ఒకే ఒక్క మనిషి దుంగల తెప్పను గడతో నెట్టుకుంటూ పోతున్నాడు. అవతలి ఒడ్డు వానలో మసకబారి బూడిదరంగుకు తిరిగింది. ఉతగావా హిరోషిగే 1857లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వెలువరించిన చెక్క అచ్చు బొమ్మ ఇది. చోటు షిన్-ఓహాషి వంతెన, ఎదుట కనిపించేది అటాకె ఒడ్డు.

1855లో పెద్ద భూకంపం ఎడోను కుదిపేసింది. ఆ మరుసటి ఏడు హిరోషిగే తన ఊరి బొమ్మలు వరసగా వేయడం మొదలుపెట్టాడు. పేరుకు ‘ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ గానీ లెక్కకు నూరు దాటాయి. వాటిలో బాగా పేరొచ్చిన వాటిలో ఈ వాన బొమ్మ ఒకటి.

ఆ పేరులో సగం హిరోషిగేది కాదు, చెక్క పనివాళ్లది.

కాగితం మీద వాన గీయడానికి నాలుగు గీతలు సర్రున లాగితే సరిపోతుంది. చెక్క దగ్గర ఆ వేగం పనికిరాదు. రబ్బరు స్టాంపులో అక్షరాలు పైకి లేచి ఉన్నట్టే, ఇక్కడా రంగు అంటేది ఉబ్బెత్తు భాగానికే. కాబట్టి ఒక్కో వాన గీతకూ అటూ ఇటూ ఉన్న చెక్కనంతా తొలిచేసి, మధ్యలో సన్నటి గట్టు ఒక్కటే మిగల్చాలి. ఉలి రవ్వంత పక్కకు జారితే ఆ గట్టు విరిగిపోతుంది. అందుకే గట్టిగా, సన్నటి పోగుతో ఉండే చెర్రీ చెక్కను వాడేవారు. ఈ బొమ్మలో వాన రెండు వాలుల్లో పడుతుంది. కాస్త తేడాతో వాలిన ఆ గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటే, చూసేవాడికి చినుకుల వెనక ఇంకా చినుకులున్నట్టు తోస్తుంది. చిత్రకారుడు ఇచ్చిన గీతల కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి, దాని మీదుగానే చెక్కేవారు. దాంతో ఆ కాగితం ఉలి కిందే పోయేది.

ఇక పైన కమ్ముకున్న నల్లమబ్బు అచ్చు వేసేవాడి చేతి పనితనం. తడి చెక్క మీద రంగు పులిమి, ఒక పక్క చిక్కగా, మరో పక్కకు పోనుపోనూ పలచగా వచ్చేలా తుడుస్తాడు. తర్వాత తడిపిన కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి సాధనంతో వెనక నుంచి రుద్దుతాడు. ఈ తుడుపు ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చినా ఏ రెండు ప్రతుల్లోనూ మబ్బు ఒకేలా ఉండదు.

పారిస్‌లో ఉన్న విన్సెంట్ వాన్ గో 1887లో ఈ బొమ్మను తైలవర్ణాల్లో తిరిగి వేశాడు. రంగుల జోరు పెంచాడు, చుట్టూ జపాన్ అక్షరాలతో అంచు కట్టాడు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. గొప్ప చిత్రమే. వాన మాత్రం హిరోషిగే ప్రతిలోనే బాగా కురుస్తుంది: కుంచెకు అంత సన్నదనం, అంత బిగువు దొరకలేదు.

ప్రతులు పక్కపక్కన పెట్టి చూసే వీలున్నవాళ్లు ముందు మబ్బును పోల్చాలి, ఆపైన అవతలి ఒడ్డుకు వెళ్లాలి. కొన్ని ప్రతుల్లో అక్కడ రెండు పడవలు లీలగా కనిపిస్తాయి, మిగతావాటిలో అవి లేవు.