రేణిగుంటలో ఆగిన ఈశాన్య యాత్ర

చిత్తూరులో ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మద్రాసా, బెంగుళూరా, రేణిగుంటా? మొదటి రెండు విమానాశ్రయాలకు రోడ్డు మీదే సగం రోజు పోతుంది. రేణిగుంటకైతే పూతలపట్టు, చంద్రగిరి మీదుగా పొద్దెక్కి బయల్దేరినా చాలు. గువాహటి దాకా పోయి, అక్కణ్నుంచి మేఘాలయ, నాగాలాండ్ ఒంటరిగా చుట్టి రావాలనుకున్న నేను రేణిగుంట నుంచే టికెట్టు తీశాను. హైదరాబాదులో విమానం మారాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉన్నాయి.

అది కార్తీకం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం పుట్టినా తిరుపతి వైపు జనం ముందు ఆకాశం వైపు చూస్తారు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో కార్లు తేలడం, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించడం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. చంద్రగిరి దాటేసరికి కోట వెనక కొండ కనిపించకుండా మబ్బు కమ్మింది.

“ఒక్కదానివే పోతా ఉండావా మా? ఇంట్లో ఎవురూ తోడు రాలేదా?” అన్నాడు కారు నడిపే ఆయన.

“లేదు నా. ఒక్కదాన్నే తిరిగొద్దామని.”

“అయితే మంచిదే. ఈ మబ్బు చూస్తే ఇమానం కూడా నీ మాదిరి ఒక్కటే రావాల, ఎప్పుడొస్తాదో!”

ఆయన నోటి వాక్కు ఫలించింది. తిరుచానూరు దాటకముందే ఫోనుకు మెసేజి వచ్చింది, విమానం గంట ఆలస్యమని.

మన యాత్రా రచనకు ఆద్యుడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి తిరుపతి మీదుగానే కాశీకి పోయాడు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేసినవాడు. బోయీలు, వంటవాళ్లు, బంధువులు కలిపి పెద్ద పరివారంతో కదిలాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. ఏటికి నీళ్లొస్తే ఆగడం, బండి విరిగితే ఆగడం ఆ కాలపు ప్రయాణంలో భాగం. ఆగితే అడగడానికి, వండిపెట్టడానికి చుట్టూ మనుషులుండేవారు. ఒంటరిగా పోయేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. బాత్రూముకు పోవాలన్నా సంచి మోసుకునే పోవాలి. ఏ నిర్ణయమైనా ఎవరినీ సలహా అడక్కుండా తీసుకోవాలి.

రేణిగుంటలో ఇప్పుడున్న టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధాని మోదీ ప్రారంభించారు. అమరావతికి శంకుస్థాపన జరిగింది కూడా అదే రోజు. లోపల సగం మంది గుండ్లే. ఒక పెద్దావిడ మనవడి గుండు మీద ఎండిపోయిన గంధాన్ని తడిచేత్తో మళ్లీ పులుముతోంది. వాడు ఒడిలోని లడ్డూ సంచిలో చెయ్యి పెట్టి బూందీ ఒక్కొక్కటే గిల్లుకు తింటున్నాడు. బోర్డు మీద మా విమానం టైము 3.40 నుంచి 4.50కి, ఆపైన 6.15కి జరిగింది. కారణం అడిగితే “ఫ్లైట్ ఇంకా హైదరాబాదులోనే ఉంది మేడమ్” అంది కౌంటర్లోని అమ్మాయి.

చిన్న ఊళ్ల విమానాల కథ ఇదే. డెబ్బై పైచిలుకు సీట్ల రెక్కపంకాల విమానం ఒకటే పొద్దున్నుంచి రాత్రి దాకా నాలుగైదు ఊళ్ల మధ్య తిరుగుతుంది. ఎక్కడా అరగంటకు మించి ఆగదు. పొద్దున ఏదో ఊళ్లో పోయిన ముప్పావుగంట సాయంత్రానికి మన నెత్తిన రెండు గంటలై కూర్చుంటుంది. సిబ్బంది పని గంటలు అయిపోతే వేరేవాళ్లు రావాలి. మన దగ్గర ఎండ కాస్తున్నా మన విమానం ఇంకెక్కడో వానలో చిక్కి ఉండొచ్చు.

అప్పుడు రైలు గుర్తొచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి తిరుపతి-సికింద్రాబాద్ వందే భారత్ నడుస్తోంది గానీ ఆపాటికే వెళ్లిపోయింది. చిత్తూరు నుంచి కాచిగూడ పోయే వెంకటాద్రి ఉంది. లేచి పోదామా అనిపించింది. కానీ ఒకే టికెట్టు మీద మొదటి విమానం మనంతట మనం ఎక్కకపోతే మిగతా ప్రయాణం కూడా రద్దవుతుంది. కూర్చున్నాను.

పక్క కుర్చీలో పీలేరు అబ్బాయి. కువైట్ పోతున్నాడు. కొత్త బూట్లు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, సంచిలో వాళ్లమ్మ కట్టిన కారప్పొడి.

“ఏజెంటు రెండు టికెట్లు వేరేవేరేగా తీసినాడక్కా. అట్టయితే రెండు వేలు తగ్గుతాదన్న్యాడు” అన్నాడు, బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, టైముకు చెకిన్ అయినవాళ్లకు రెండు గంటలు దాటిన ఆలస్యానికి తిండి, నీళ్లు ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధన. ఆరు గంటలు దాటేట్టుంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. వాన, తుపాను లాంటి కారణాలకు నష్టపరిహారం మాత్రం రాదు. అడిగితేనే ఇస్తారు కాబట్టి ఇద్దరం వెళ్లి అడిగాం. ఉప్మా, జ్యూసు డబ్బా ఇచ్చారు. మమ్మల్ని చూసి వెనక వరస కదిలింది.

ఏడు దాటాక గొడుగుల కింద నడిపించి ఎక్కించారు. శంషాబాద్‌లో దిగేటప్పటికి నా గువాహటి విమానం వెళ్లిపోయింది. టికెట్టు ఒకటే కాబట్టి పైసా అడక్కుండా మర్నాడు పొద్దున విమానంలో సీటు వేశారు. ఆ అబ్బాయి పరుగెత్తాడు గానీ కువైట్ కౌంటరు మూసేశారు. మొదటి విమానంతో తమకు సంబంధం లేదన్నారు, నిబంధన ప్రకారం అది నిజమే. ఊళ్లో మామకు ఫోన్ చేసి అప్పు అడిగి కొత్త టికెట్టు కొన్నాడు. రెండు వేల ఆదా అక్కడితో సరి.

నాకు పోయింది షిల్లాంగులో ఒక పూట. అతనికి పోయింది ఉద్యోగంలో చేరకముందే మొదటి నెల జీతంలో పెద్ద ముక్క. పీలేరు, రాయచోటి నుంచి గల్ఫుకు పిల్లల్ని పంపే ఇళ్లవాళ్లు టికెట్టు చేతికి రాగానే ఒక్కటి చూడండి: రెండు విమానాలకూ పీఎన్ఆర్ నంబరు ఒకటేనా, రెండా? రెండైతే మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉండేట్టు మార్పించండి. కార్తీకంలో అయితే అసలు రాజీ పడొద్దు.